ఫౌజు పింఛను, రంగుల దుకాణం, తెరవని స్కెచ్ పుస్తకం

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక ఫౌజులో భర్తీ అయ్యాను. ఇంజినీర్ రెజిమెంటులో పెయింటర్ ట్రేడ్ ఇచ్చారు. 22 ఏళ్లు చేసి హవల్దార్‌గా పింఛను మీద వచ్చాను. ఇప్పుడు నాకు 44 ఏళ్లు. యూనిట్‌లో బండ్ల నంబర్లు, గేటు బోర్డులు, బడాఖానాకు (యూనిట్ అంతా కలిసి చేసే విందుకు) స్టేజీ పరదాలు, ఎక్సర్‌సైజుకు ముందు ఆఫీసర్లకు చూపించే శాండ్ మోడల్ (ఇసుకతో చేసే నేల నమూనా), అన్నీ నా చేతి మీదుగానే అయ్యేవి. డ్యూటీ దిగాక మంచం మీద కూర్చుని స్కెచ్ పుస్తకంలో తోచింది గీసుకునేవాణ్ణి. ఐస్‌క్రీం పుల్లలతో చిన్న చిన్న బ్రిడ్జీలు, అట్టలతో ట్యాంకులు చేసేవాణ్ణి. మౌత్ ఆర్గాన్ కూడా కొద్దిగా వచ్చు.

వచ్చాక నల్లగొండలో ఒక షటర్ కిరాయికి తీసుకుని కమర్షియల్ ఆర్ట్ దుకాణం పెట్టాను. దుకాణాల బోర్డులు, గోడ రాతలు, బడి గోడల మీద బొమ్మలు, ఫ్లెక్స్ డిజైన్లు చేస్తాను. పనికి కొదవ లేదు. మిగిలేదే తక్కువ. తెలిసినవాళ్లు, చుట్టాలు "నీకేంది, పింఛను వస్తది కదా" అని రంగుల ఖర్చు మాత్రం చేతిలో పెట్టి పోతారు. నాకు గట్టిగా అడగడం రాదు. రాత్రి పదింటి దాకా లైటు వేసుకుని పని చేస్తున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు.

మా ఇంటామె బ్యాంకులో గార్డు కొలువుకు పొమ్మంటుంది. డిగ్రీ చదివే మా అబ్బాయి, రిటైర్మెంట్‌కు వచ్చిన పైసలతో ఫ్లెక్స్ మిషను కొందామంటాడు. నా బాధ వేరే. మూడేళ్లుగా స్కెచ్ పుస్తకం తెరవలేదు. పగలంతా రంగులతోనే ఉంటాను కదా, రాత్రి పెన్సిల్ పట్టబుద్ధి కాదు. పాత ఫౌజీ దోస్తులు ఫోన్ చేసి "హాబీనే కొలువు చేసుకున్నవ్, అదృష్టవంతుడివి" అంటారు. నాకేమో ఉన్న ఒక్క హాబీ పోయిందనిపిస్తుంది. నేను తప్పు చేశానా?

మాజీ హవల్దార్, నల్లగొండ

జవాబు:

హవల్దార్ గారూ,

చివర అడిగిన ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. మీరు తప్పేమీ చేయలేదు. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికినవాడే. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా బిడ్డ ఏలె లక్ష్మణ్ ఎన్నో పుస్తకాలకు అట్టబొమ్మలు వేశారు. తెలంగాణ రాజముద్ర కూడా ఆయన గీసిందే. డబ్బు కోసం గీసినంత మాత్రాన చెయ్యి చెడిపోదు. మీ చిక్కల్లా ఏమిటంటే, డబ్బు కోసం గీస్తున్నారు కానీ ఆ డబ్బు రావడం లేదు.

అందుకే హాబీ కంటే ముందు రేట్ల గురించి మాట్లాడతాను. ఏమనుకోకండి, ఆ రెండూ ఒకటే విషయం.

ఒక దుకాణం బోర్డు పని ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వెళ్లి కొలత తీసుకోవాలి. రేకు, ఫ్రేము చేయించాలి. ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి, బేస్ రంగు వేసి మళ్లీ ఆరనివ్వాలి. సుద్ద దారంతో గీతలు కొట్టి, అక్షరాలు కట్టి, వాటికి నీడ వేయాలి. ఆ తర్వాత నిచ్చెన వేసుకుని బిగించాలి. ఇంతా చేసి రంగుల ఖర్చు మీద ఏదో కొంచెం తీసుకుంటున్నారు. సరైన రేటు పలికితే ఒక్క బోర్డుతో వచ్చేది, ఇప్పుడు మూడు బోర్డులు రాస్తే గానీ రావడం లేదు. ఆ మూడు బోర్డుల కోసమే రాత్రి పదింటి దాకా షటర్ ఎత్తి ఉంచుతున్నారు. స్కెచ్ పుస్తకానికి ఉండాల్సిన గంటలన్నీ ఆ మిగతా రెండు బోర్డులకు పోతున్నాయి.

"పింఛను వస్తది కదా" అనే మాట మన దగ్గర మహా మామూలుగా అనేస్తారు. అనేవాళ్లకు అందులో తప్పు కనిపించదు. కానీ మీ పింఛను మీరు చేసిన 22 ఏళ్ల నౌకరీకి వచ్చేది, ఎదురింటి కిరాణా కొట్టు బోర్డుకు ఇచ్చే సబ్సిడీ కాదు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది, అది మీ దృష్టికి రాలేదనుకుంటాను. ఆ బజారులోనే పింఛను లేని పెయింటర్లు ఉంటారు. పదో తరగతి తప్పి, ఏ గురువు దగ్గరో బ్రష్షులు కడిగి పని నేర్చుకున్న పిల్లలు ఉంటారు. మీరు రంగుల ఖర్చుకే బోర్డు రాసి ఇస్తే, రేపు ఆ గిరాకీ వాళ్ల దగ్గరికి వెళ్లి "హవల్దార్ సాబ్ ఇంతకే రాసిండు, నువ్వెందుకు ఎక్కువ అడుగుతున్నవ్" అంటాడు. మీ మొహమాటం ఖరీదు వాళ్లు కడుతున్నారు. డిసిప్లిన్ తెలిసిన మనిషి కాబట్టి ఇంత కటువుగా రాస్తున్నాను.

రేటు కట్టడం కష్టమేమీ కాదు. మీ ఒక రోజు కూలి ఎంతో ముందు తేల్చుకోండి. నల్లగొండలో చెయ్యి తిరిగిన తాపీ మేస్త్రీకి ఎంత ఇస్తున్నారో కనుక్కుని, అంతకు తక్కువ కాకుండా పెట్టుకోండి. దానికి సామాను ఖర్చు, హెల్పర్ కూలి, పరంజా కడితే దాని కిరాయి, షటర్ కిరాయిలో ఆ రోజు వాటా కలపండి. గోడలకైతే చదరపు అడుగు లెక్క, బోర్డులకైతే సైజు, అక్షరాలను బట్టి లెక్క. ఈ రేట్లన్నీ ఒక రేకు మీద మీ అందమైన చేతిరాతతో రాసి షటర్ లోపలి గోడకు తగిలించండి. నోటితో అడగలేని మనిషికి ఆ రేకు బాగా పనికొస్తుంది. గిరాకీ బేరం మొదలుపెట్టగానే దాని వైపు చూపిస్తే చాలు. సగం అడ్వాన్స్ చేతికి వచ్చాకే బ్రష్షు ముంచండి. పార్టీల పనికి మాత్రం మొత్తం ముందే తీసుకోండి. ఎలక్షన్లు అయ్యాక ఓడినవాడు ఎలాగూ కనపడడు, గెలిచినవాడైతే అసలే కనపడడు.

చుట్టాల సంగతి వేరు, కాదనలేం. పెళ్లికి కట్నం చదివించినట్టు, ఒక్కో ఇంటికి ఒక్కసారి ఉచితంగా చేసి పెట్టండి, అదీ మీకు వీలైన రోజున. ఆ ఇంటి నుంచి రెండో పని వస్తే రేకు మీద రాసిన రేటే. గుడికో దర్గాకో అయితే రంగులు వాళ్లు కొంటారు, చేతిపని మీ కానుక. ఈ పద్ధతి నాలుగు ఇళ్లకు తెలిస్తే చాలు, మిగతా వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు.

ఇక మీ ఇంటామె మాట. ఆమెకు రంగులంటే పడదని నాకనిపించడం లేదు. నెల నెలా చేతికి ఇంత వస్తుందని తెలిస్తే ఆమెకు టెన్షన్ తగ్గుతుంది. దుకాణం లెక్క, ఇంటి లెక్క వేరు చేసి, ఒకటో తారీఖున దుకాణం నుంచి మీకు మీరే జీతం తీసుకుని ఆమె చేతికి ఇవ్వండి. తక్కువైనా ఫరవాలేదు, ప్రతి నెలా అంతే ఉండాలి. ఇంకో పని కూడా చేయండి. మీ పింఛను కాగితాలు ఇద్దరూ కలిసి ముందేసుకుని కూర్చోండి. పీపీఓలో (పింఛను ఆర్డరు కాగితంలో) ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఫ్యామిలీ పింఛను ఎంత వస్తుందో ఆమెకు తెలుసా? మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డులో ఆమె, పిల్లలు ఉన్నారా? ఫౌజు పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం ఆమె కూడా నేర్చుకుందా? పేర్లలో తేడాలుంటే సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఏం చేయాలో చెప్తారు. గార్డు కొలువు గొడవ వెనక "ఈ మనిషికి ఏమైనా అయితే మా గతేంటి" అన్న భయం చాలాసార్లు ఉంటుంది. ఆ భయానికి జవాబు ఈ కాగితాల్లోనే ఉంది.

కొలువుకు వెళ్లాలా వద్దా అన్నది ఈ నెలే తేల్చాల్సిన పని లేదు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం వాటా ఉంది. వయసు లెక్కలో చేసిన సర్వీసు తీసేసి, ఆపైన ఇంకో 3 ఏళ్ల సడలింపు ఇస్తారు. 44లో 22 పోతే 22, అందులో 3 పోతే 19. కాగితం మీద మీరు ఇంకా కుర్రాడే. అయితే గార్డు పోస్టులకు కొన్ని చోట్ల పై వయసు హద్దు విడిగా పెడతారు, కాబట్టి నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా ఆ లైను చదవండి. దుకాణానికి ఒక ఏడాది గడువు పెట్టుకోండి. సరైన రేట్లతో ఏడాది నడిపాక కూడా ఇల్లు గడవకపోతే, అప్పుడు ఆమె మాట వినండి. రంగుల ఖర్చుకు బోర్డులు రాసిన ఈ మూడేళ్లను చూసి మాత్రం దుకాణం నడవదని తీర్పు చెప్పకండి, దాన్ని మీరింకా సరిగా నడిపిందే లేదు.

మీ అబ్బాయి అడిగే మిషను గురించి. వద్దు. ఎందుకు వద్దో అతనితో వివరంగా చెప్పండి, లేకపోతే నాన్న భయపడ్డాడనుకుంటాడు. ఆ డబ్బు ఎక్కడిదో ముందు చెప్పండి. గ్రాట్యుటీ సరే. కమ్యుటేషన్ డబ్బు లాటరీ తగిలి వచ్చింది కాదు. ఫౌజు వాళ్లు పింఛనులో సగం దాకా ముందుగా అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. దాని బదులు 15 ఏళ్ల పాటు నెల నెలా ఆ మేరకు పింఛను కోత పడుతుంది. ఆ తర్వాతే పూర్తి పింఛను మళ్లీ మొదలవుతుంది. అంటే మీకు యాభై దాటి ఇంకో ఆరేడేళ్లు వచ్చేదాకా తినాల్సిన తిండిని ముందే తెచ్చి బ్యాంకులో పెట్టుకున్నారు. దాన్ని ఒక మిషనులో పోయడమంటే రెండుసార్లు ఖర్చు పెట్టినట్టు. ఇక ఫ్లెక్స్ వ్యాపారం చూడండి. బజారులో కొత్త మిషను దిగిన ప్రతిసారీ చదరపు అడుగు రేటు పడిపోతుంది. దుమ్ముకు, కరెంటు తేడాలకు మిషను ప్రింట్ హెడ్లు పోతాయి, అవి చాలా ఖరీదు. పుట్టినరోజులు, పరామర్శలు, స్వాగతాల బ్యానర్లలో సగం బాకీ మీదే నడుస్తాయి. పైగా 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న పీవీసీ బ్యానర్ల మీద దేశమంతటా నిషేధం ఉంది. అమలు ఎలా ఉందో మనందరం చూస్తున్నదే, కానీ ఇంటి పొదుపంతా పోసే వ్యాపారం మీద అలాంటి కత్తి వేలాడకూడదు.

అబ్బాయికి నిజంగా ఆసక్తి ఉంటే చదువు అయ్యేలోగా డిజైన్ నేర్చుకోమనండి. కోరల్‌డ్రా, ఫొటోషాప్ రావాలి. తెలుగులో టైపు చేయడం, అను ఫాంట్లకూ యూనికోడ్‌కూ మధ్య పడే చిక్కులు విప్పడం రావాలి. సెలవుల్లో ఎవరి ప్రింటింగ్ దుకాణంలోనైనా కూర్చుని గిరాకీల తీరు చూడమనండి. ఆ తర్వాత కూడా మిషను కావాలంటే ముద్రా లోనుకు అతని పేరు మీద అప్లై చేసుకుంటాడు. అప్పటిదాకా మీరు డిజైన్ చేసి, మిషను ఉన్నవాడి దగ్గర ప్రింట్ వేయించండి. మిషను కిస్తీల టెన్షన్ వాడిది, డిజైన్ డబ్బులు మీవి.

మిషను చేయలేని పని మన జిల్లాలోనే బోలెడు ఉంది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లులు చూడండి. ప్రతి మిల్లుకూ ఎత్తయిన గోడ, గేటు, లోపల జాగ్రత్తల బోర్డులు ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యంగా బియ్యం బస్తా మీద బ్రాండు బొమ్మ ఉంటుంది. ఆ బస్తాల్లో ముప్పావు వంతు ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టినవే. అదే వరి కంకి, అదే దేవుడి బొమ్మ, అవే ఎరుపు పచ్చ. మంచి చెయ్యి ఉన్న మనిషి నాలుగు నమూనాలు గీసి మిల్లు ఆఫీసుల చుట్టూ ఒక వారం తిరిగితే, గోడ ఎక్కే పని లేకుండా కూర్చుని చేసుకునే గిరాకీ దొరుకుతుంది. సిమెంటు కంపెనీల గోడ రాతలు కూడా వాడపల్లి, మఠంపల్లి వైపు బాగా కనిపిస్తాయి కానీ, అవి ఏజెన్సీల చేతుల మీదుగా వచ్చే పనులు. డబ్బు చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో ముందే అడిగి దిగండి. బండ్ల నంబరు ప్లేట్లు రాసే పని మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు కంపెనీ వాళ్లే హై సెక్యూరిటీ ప్లేట్లు బిగించి ఇస్తున్నారు. ఫౌజు బండి నంబరు ముందు పైకి చూసే బాణం గీసిన చేతికి అది కొంచెం బాధే.

బడి గోడలు మీకు ఇష్టమైన పనిలా అనిపిస్తోంది, అదొక్కటే మీరు ఉత్తరంలో "బొమ్మలు" అని రాశారు. వాటితో ఒక ఉపకారం చేయండి. మన పల్లెల్లో ఇప్పటికీ కొన్ని బడుల గోడల మీద పది జిల్లాల తెలంగాణ పటమే ఉంది. 2016లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో నారాయణపేట, ములుగు కలిసి 33 అయ్యాయి. ఉమ్మడి నల్లగొండ మూడు ముక్కలై పదేళ్లు కావస్తోంది. పాలమూరు అయిదు జిల్లాలైంది. పిల్లలు పుస్తకంలో ఒకటి చదువుతారు, గోడ మీద ఇంకోటి చూస్తారు. పని ఇచ్చిన హెడ్మాస్టర్‌కు ఆ సంగతి మీరే గుర్తు చేయండి. పటం మార్చే పని కూడా మీకే వస్తుంది.

ఇప్పుడు స్కెచ్ పుస్తకం దగ్గరికి వస్తాను. దాన్ని మనసుకు సంబంధించిన సంగతిలా రాశారు. నాకు ముందు వేరే అనుమానం ఉంది. మీ వయసు 44. గోడ మీద అడుగెత్తు అక్షరాలు రాయడానికి దగ్గరి చూపుతో పెద్దగా పని లేదు. రాత్రి ట్యూబ్‌లైటు కింద హెచ్‌బీ పెన్సిల్‌తో సన్న గీత గీయడానికి ఉంది. చత్వారం మొదలైతే గీత మసకబారుతుంది, కళ్లు లాగుతాయి, తల బరువెక్కుతుంది. మనమేమో "మూడ్ లేదు" అనుకుని పుస్తకం మూసేస్తాం. ముందు కళ్లు చూపించుకోండి. దానితో పాటు ఆ షటర్ లోపల గాలి ఎలా ఆడుతుందో చూడండి. ఎనామిల్, టర్పెంటైన్, థిన్నర్ వాసనలో పొద్దంతా ఉన్నవాడికి సాయంత్రానికి తలనొప్పి, వికారం రావడంలో వింత లేదు. వెనక గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. స్ప్రే పని బయట చేయండి. చేతులు థిన్నర్‌తో కడిగే అలవాటు ఉంటే మానండి, కొబ్బరి నూనె రుద్ది సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి రూల్ ఉంది కానీ, పాత గోడను గీకేటప్పుడు లేచే దుమ్ము ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అప్పుడు మాస్కు కట్టుకోండి.

కళ్లద్దాలు వచ్చి, గాలి ఆడుతూ, పని గంటలు తగ్గాక కూడా దేని మీదా ఆసక్తి పుట్టకపోతే, నిద్ర సరిగా పట్టకపోతే, అది హాబీ సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఫౌజీలు ఈ ఫోన్ చేయడానికి సిగ్గుపడతారని తెలిసే రాస్తున్నాను.

బ్యారక్‌లో మీకు స్కెచ్ పుస్తకం ఎందుకు తెరుచుకునేదో ఆలోచించండి. అక్కడ డ్యూటీ దిగే టైము ఉండేది. ఆ తర్వాత గీసిన బొమ్మ బాగుందా లేదా అని అడిగేవాడు లేడు, ఎంత అనే మాటే లేదు. దుకాణంలో డ్యూటీ దిగడమనేదే లేదు, ఎవరొస్తే వాళ్ల పని ఎత్తుకుంటున్నారు. కాబట్టి టైము మీరే పెట్టుకోవాలి. సాయంత్రం ఏడింటికి షటర్ దించండి. వారంలో ఒక పూట, గిరాకీ పలచగా ఉండే రోజు చూసుకుని, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దుకాణం తెరవకండి. మీ పింఛను చేసే అసలు మేలు ఇక్కడే ఉంది. ఆ పూట పని వదులుకుంటే పింఛను లేని పెయింటర్ ఇంట్లో పొయ్యి వెలగదు, మీ ఇంట్లో వెలుగుతుంది. ఆ సౌకర్యాన్ని ఇన్నాళ్లూ తక్కువ రేట్ల రూపంలో ఊరికి పంచిపెట్టారు. ఇకనుంచి ఒక పూటగా మీరే ఉంచుకోండి.

ఆ పూట చేసేది దుకాణం పనికి దూరంగా ఉండాలి. ఎనామిల్ లేదు, తెలుగు అక్షరాలు లేవు, ఆర్డరు లేదు. పుల్లల బ్రిడ్జీలు మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇంజినీర్స్‌లో చేశారు కాబట్టి ఇనుప ప్యానెళ్లు కలిపి బిగించే బెయిలీ బ్రిడ్జి మీ చేతికి కంఠతా వచ్చి ఉంటుంది. పది అడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు ప్యానెల్‌ను ఒక ఐస్‌క్రీం పుల్ల పొడవుకు కుదిస్తే ఎంత స్కేలు వస్తుందో లెక్కేసుకుని కూర్చుంటే ఒక ఆదివారం ఇట్టే పోతుంది. శాండ్ మోడల్ విద్యను కూడా వృథా పోనివ్వకండి. మీ పల్లె బడి ఆవరణలో ఇసుక, మట్టి పోసి సాగర్ ఎడమ కాలువ, దాని మేజర్లు (అందులోంచి చీలే కాలువలు), తూములు, మీ ఊరి చెరువు ఎక్కడ ఎలా ఉన్నాయో పిల్లలతో కలిసి కట్టించండి. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో వాళ్లకు పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. మీ మౌత్ ఆర్గాన్‌కు నేనేమీ సలహా చెప్పను, దానికి ఎవరూ కొటేషన్ అడగరు కాబట్టి అది క్షేమంగానే ఉంటుంది. పాత స్కెచ్ పుస్తకాల్లో యూనిట్ ఉన్న చోట్లు, క్యాంపుల బొమ్మలు ఉంటే మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అది మీకు తెలిసిందే, అబ్బాయికి కూడా చెప్పండి.

నన్నడిగితే మాత్రం మీ పెన్సిల్‌కు సరిగ్గా సరిపోయే పని వీరగల్లులు గీయడం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇవి ఊరి బయట, చెరువు కట్ట మీద, పొలం గట్టున ఎన్ని ఉన్నాయో చెప్పలేం. యుద్ధంలోనో, దొంగలు తోలుకుపోతున్న ఆవుల మందను కాపాడబోయో చచ్చిపోయిన వాళ్ల కోసం ఊరివాళ్లు నిలబెట్టిన రాళ్లు. చాలావాటిలో కింద పోరాటం ఉంటుంది, దాని పైన వీరుణ్ణి అప్సరసలు మోసుకుపోతుంటారు, అన్నిటికంటే పైన అతను శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. కొసన సూర్యుడు, చంద్రుడు. మామూలు మనుషులు చూసి ఎవరో కత్తి పట్టుకున్నాడంటారు. మీరు చూస్తే డాలు ఏ చేతిలో ఉంది, ముందు కాలి మీద బరువు ఎలా వేశాడు, ఈటె పట్టు పొడవడానికా విసరడానికా అన్నది కనిపిస్తుంది. ఫౌజులో చేసిన కళ్లు, బొమ్మ గీసే చెయ్యి రెండూ ఉన్న మనుషులు ఈ పనికి ఎంతమంది దొరుకుతారు?

ముందు దగ్గరలో మొదలుపెట్టండి. మీ దుకాణానికి కూతవేటు దూరంలో పానగల్లు ఉంది. పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోని మ్యూజియంలో పాత శిల్పాలు నీడ పట్టున నింపాదిగా కూర్చుని గీసుకోవచ్చు. దగ్గర్లోనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు గీయడం మొదలుపెడితే, గర్భగుడిలో పగలంతా కదలని ఆ నీడ ఎలా పడుతుందో మీ చేతికే అర్థం కావచ్చు. చేయి కుదిరాక సాగర్ వెళ్లండి. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలం శిల్పాల్లో ఒక శక సైనికుడు ఉన్నాడు. గడ్డం, తల మీద టోపీ, ఒళ్లంతా కప్పిన కుట్టు బట్టలు, చేతిలో ఈటె. ఎక్కడి నుంచో వచ్చి కృష్ణ ఒడ్డున కాపలా నిలబడ్డ పరాయి దేశపు ఫౌజీ. సెంట్రీ డ్యూటీ చేసినవాడు గీస్తే అతని నిలుపు ఇంకోలా వస్తుంది.

వీరగల్లు గీసినప్పుడల్లా పేజీ కింద ఊరి పేరు, తేదీ, రాయి ఎత్తు, ఏ దిక్కుకు చూస్తుందో రాసి పెట్టుకోండి. పక్కన శాసనం ఉంటే ఫొటో తీయండి, దాన్ని చదివేవాళ్లు వేరే ఉంటారు. రోడ్లు వెడల్పు చేసినప్పుడు, పొలాలు చదును చేసినప్పుడు ఇలాంటి రాళ్లు మట్టిలో కలిసిపోతున్నాయి. మీ పుస్తకంలో గీత ఉంటే కనీసం అది ఉండేదని తెలుస్తుంది. ఈ పుస్తకాన్ని మాత్రం ఎవరడిగినా అమ్మకండి. ఫ్రేము కట్టి ఇవ్వమని గిరాకీ అడిగితే వేరే గీసి అమ్మండి.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పి పెడతాను. మీరు పెయింటర్ అని తెలిశాక, ఏదో ఒక ఊళ్లో పెద్దమనుషులు ఆ వీరగల్లుకే రంగులు వేయమని అడుగుతారు. భక్తితోనే అడుగుతారు. ఎర్ర ఎనామిల్ వేసిన రాళ్లు మన జిల్లాలో ఇప్పటికే చాలా ఉన్నాయి. ఎనామిల్ ఎక్కితే చెక్కడంలోని సన్న గీతలన్నీ పూడిపోతాయి, రాయి లోపలి తేమ బయటికి రాలేక పొర లేచిపోతుంది. ఒప్పుకోకండి. చుట్టూ చిన్న గద్దె కట్టించమని, పక్కన ఒక బోర్డు పెడదామని చెప్పండి. అందులో ఆ రాయి కథ ఊరి పెద్దలు చెప్పినట్టు మీరే మంచి అక్షరాల్లో రాయండి. ఆ బోర్డుకు మాత్రం గోడకు తగిలించిన రేకు మీద రాసిన రేటే తీసుకోండి, సగం అడ్వాన్స్.